నేల తొక్కని పిల్లాడు

మా మేనకోడలు చిన్నమ్మి నడుము ఎడమవైపుకి వంగిపోయింది. దానికి ఎనిమిదేళ్లు. రైల్వే ఆస్పత్రి డాక్టరు దాన్ని నిలబెట్టి, వెనక్కి తిప్పి, వెన్నుపూస మీద వేలితో గీత గీసినట్టు పైనుంచి కిందకి చూశాడు.

"ఈ పిల్లతో ఏం మోయిస్తున్నారు?" అని అడిగాడు.

తమ్ముణ్ణి అన్నాను. ఎన్నాళ్లనుంచి అన్నాడు. రెండేళ్లనుంచి అన్నాను. రోజుకి ఎంతసేపు అన్నాడు. వాడు లేచినప్పటినుంచి పడుకునేదాకా అన్నాను. డాక్టరు కలం కింద పెట్టేశాడు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే ఆ వంపు ఎముకల్లో పాతుకుపోతుంది, తరవాత ఎవరూ సరిచెయ్యలేరు అన్నాడు. దీనికి కడుపునిండా తిండి పెట్టండి, ఆ పిల్లాణ్ణి కిందకి దించండి, అంతకంటే నేను చేసేది ఏమీ లేదు అన్నాడు.

మందు రాయలేదు. రాసి ఉంటే బాగుండేది. సీసాడు ఎర్రనీళ్లు ఇస్తే మావాళ్లు రోజుకి మూడుపూటలా తాగించేవారు. దించండి అంటే ఎలా దించుతారు? ఆ పిల్లాడు నేల తొక్కకూడదు.

ఎందుకు తొక్కకూడదో చెబుతాను. చెబుతుంటే నాకు కోపం వస్తుంది, వస్తే రానీ.

మా చెల్లి అప్పలకొండకి చిన్నమ్మి తరవాత ఇద్దరు మగపిల్లలు వరసగా పుట్టారు, వరసగా పోయారు. ఇద్దరూ గోడ పట్టుకుని అడుగులు వేసే వయసులోనే, జ్వరాలొచ్చి పోయారు. జ్వరం సంగతి అందరూ మరిచిపోయారు. అడుగులు వేశారు, పోయారు, అదొక్కటే గుర్తు పెట్టుకున్నారు. మూడోవాడు పుట్టినరోజున మా చెల్లి అత్తగారు మంగాయమ్మ మొక్కుకుంది. ఈ బిడ్డ ఈ పరాయి ఊరు బిలాసుపురం నేల తొక్కడు, మొదటి అడుగు సింహాద్రి అప్పన్న కొండ మీదే వేస్తాడు, అక్కడే వాణ్ణి త్రాసులో కూర్చోబెట్టి వాడి బరువుకి బరువు బెల్లం ఇస్తాను అని. పేరు బంగార్రాజు అని పెట్టింది.

ఏడాది నిండగానే వెళ్దామనుకున్నారు. అప్పటికి యుద్ధం ముదిరింది. మా బావ త్రినాథరావు గూడ్స్ గార్డు. సెలవు అడిగితే వచ్చే నెల అన్నారు. వచ్చే నెల అడిగితే ఆ వచ్చే నెల అన్నారు. ఇప్పుడు నలభై మూడో సంవత్సరం. పిల్లాడికి మూడేళ్లు నిండి నాలుగు నెలలు. ఈ మూడేళ్లలో వాడు మంచం మీద ఉన్నాడు, ఉయ్యాల్లో ఉన్నాడు, ఒళ్లో ఉన్నాడు, చంకన ఉన్నాడు. నేల మీద మాత్రం లేడు.

చంక ఎవరిది? మంగాయమ్మత్తకి మోకాళ్లు పనిచెయ్యవు. మా చెల్లి మళ్లీ కడుపుతో ఉంది, ఏడో నెల. బావ మూడు రోజులకోసారి ఇంటికొచ్చి గుర్రుపెట్టి పడుకుంటాడు. మిగిలింది చిన్నమ్మి.

తిండి సంగతి ఇంకా దారుణం. ఎంత బరువుంటే అంత బెల్లం, ఎంత బెల్లం ఇస్తే అప్పన్నకి అంత సంతోషం. మరి పిల్లాడు తేలిగ్గా ఉంటే ఎలా? పొద్దున్నే మీగడతో పాలు. ఆ తరవాత నెయ్యి ముద్దలు. మధ్యలో సున్నుండలు. బావ డ్యూటీనుంచి వస్తూ పేడాలు తెస్తాడు. రైల్వేవాళ్ల గ్రెయిన్ షాపులో ఇంటి మొత్తానికి కొలిచి ఇచ్చే పంచదార వాడొక్కడి గొంతులోకే పోతుంది. చిన్నమ్మి తినేది అందరూ తిన్నాక. అది కూడా ఒళ్లో వాణ్ణి పెట్టుకుని తినాలి. వాడు దాని కంచంలోంచి ముద్ద లాక్కుంటాడు. అది చూసి ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఎంత గడుసువాడో చూశారా అంటారు.

వాడు లావుగా ఉన్నాడని ఎవరైనా అనొచ్చు కదా? అనరు. మా క్వార్టర్ల లైన్లో ఆ మాటే నిషేధం. లావంటే దిష్టి. వాడి మెడ కనిపించదు, మణికట్టు దగ్గర దారం కట్టినట్టు ముడతలు, నాలుగుసార్లు ఏడిస్తే ఐదోసారికి ఎగశ్వాస. అయినా మర్యాద తెలిసిన ప్రతి ఆడదీ గుమ్మంలోకి రాగానే అనేమాట ఒక్కటే: అయ్యో, చిక్కిపోయాడే! అనేవాళ్లకి అది మర్యాద. వినే మంగాయమ్మత్తకి మాత్రం అది నిజం. విన్న వెంటనే వంటింట్లోకి కేక వేస్తుంది.

ఆస్పత్రినుంచి చిన్నమ్మిని తీసుకొచ్చేసరికి మంగాయమ్మత్త వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. గిన్నెలో నెయ్యన్నం కలిపి మనవడి కోసం ఎదురుచూస్తోంది. మమ్మల్ని చూడగానే మా చెల్లి చేతిలోంచి వాడు చిన్నమ్మి మీదకి దూకాడు. అది ఏమీ అనకుండా ఎడమ తుంటి పక్కకి తోసి వాణ్ణి అందుకుంది.

"అత్తా, డాక్టరు దించీమన్నాడు," అన్నాను.

"ఎవుల్ని?"

"నీ మనవణ్ణి. కిందకి. నేల మీదకి."

మంగాయమ్మత్త ముద్ద చేతిలోనే ఆపింది. "ఆ డాక్టరు ఇంట్లోంచి రెండు పాడెలు లెగిసినాయేటి బాబూ? మా ఇంట్లోంచి లెగిసినాయి."

"ఆళ్లు జొరాలతో పోనారత్తా. నేల తొక్కి కాదు. ఈ లైన్లో గుంటలందరూ నేల మీదే తిరుగుతన్నారు. ఎంతమంది సచ్చినారు?"

"నోరు ముయ్యి పైడిరాజూ! పిల్లడి ముందట ఆ మాటలేటి?" అని వాడి తల చుట్టూ చెయ్యి తిప్పి మెటికలు విరిచింది. "థూ, థూ. నువ్వు ఏ ముహూర్తాన నోరు తెరుస్తావో గాని."

"సరే, ఆడి మాట ఒగ్గీ. సిన్నమ్మి నడుం మాటేటి? ఇరిగిపోతాదంటన్నాడు డాక్టరు."

"ఆడగుంట తమ్ముణ్ణి ఎత్తుకోక మరేటి సేస్తాది? నానెత్తుకోనేదా నా తమ్ముల్ని, నలుగుర్ని! నా నడుం ఇరిగిపోనాదేటి?"

నేను ఆమె నడుము వైపు చూశాను. మంగాయమ్మత్త పీట మీంచి లేవాలంటే ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కర్ర పట్టుకోవాలి. నిలబడితే ఆమె చూపు మన మోకాళ్ల దగ్గరుంటుంది. ఆ సంగతి ఆమెకి తోచలేదు. చెప్పినా తోచదు.

సరిగ్గా అప్పుడే పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ గోడ మీంచి తల పెట్టింది. "ఏటి పిన్నీ కేకలు? ఓలమ్మ, గుంటడేటి ఇలగ సిక్కిపోనాడు?"

"సూసినావా? సూసినావా పైడిరాజూ? ఊరంతా అంటన్నారు!" మంగాయమ్మత్త గెలిచిన దానిలా నన్ను చూసి, చేతిలో ముద్దకి ఇంకో ముద్దంత కలిపి వాడి నోట్లో కుక్కింది.

నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. "సిక్కిపోనాడా? ఎవులు సిక్కినారే అప్పలనర్సమ్మా? కళ్లున్నాయా నీకు? సిక్కింది ఇదిగో, ఇదీ!" అని చిన్నమ్మి చెయ్యి పట్టుకుని పైకెత్తాను. ఆ చెయ్యి నా రెండు వేళ్ల మధ్య పట్టింది. అప్పలనర్సమ్మ తల వెనక్కి తీసుకుంది. మర్యాద తెలియని వాడితో మాట్లాడటం ఎందుకని.

మా చెల్లి చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది, "అన్నియ్యా, నువ్వు మొన్న సదర్ బజార్నుంచి పేడాల పొట్లం తెచ్చినావు. ఎవులికి తెచ్చినావు?"

"ఆడికి."

"అంతకుముందు జిలేబీలు ఎవులికి తెచ్చినావు?"

నేను పైకెత్తిన చిన్నమ్మి చెయ్యి వదిలేశాను.

"సిన్నమ్మికి ఎప్పుడేనా ఏటేనా తెచ్చినావా? నేదు. మరి నా మొగుడు అలగే, మా అత్త అలగే, నువ్వూ అలగే. నన్నొక్కదాన్ని ఏటి సెయ్యమంటావు?"

ఆ మాట నిజం కాబట్టి నాకు ఇంకా మండింది. లోకో షెడ్డులో పదిహేనేళ్లనుంచి ఫిట్టర్ని. ఖలాసీ మీద నియమానికి మించి బరువు పెడితే ఫోర్‌మన్ బల్ల మీద గుద్ది అడిగినవాణ్ణి. చెల్లెలి ఇంటికి పోతే మాత్రం మగపిల్లాడికి పొట్లం పట్టుకుపోయేవాణ్ణి. వాణ్ణి ఎత్తుకుని ముందుకొచ్చిన పిల్లకి, ఆ పొట్లం విప్పి వాడి నోట్లో పెట్టే పని ఇచ్చేవాణ్ణి.

మర్నాడు బావ యార్డులో కనిపించాడు. బ్రేక్ వ్యాన్ మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సంగతంతా చెప్పాను. విన్నాడు. పచ్చజెండా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు బావా. కాని అమ్మకి నాను సెప్పలేను. సెలవు దొరికితే సాలు, అప్పన్న దగ్గరికి ఎల్లి వచ్చీస్తే అన్నీ సర్దుకుంటాయి."

"సెలవెప్పుడు?"

"అచ్ఛా, లడాయి అయిపోనీ."

"లడాయి అయ్యేలోపు నీ కూతురు గూనిదైపోతాది."

"మరేటి సెయ్యమంటావు, రాజీనామా ఇచ్చీమంటావా?" అని ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఏ ఇంట్లోనూ తప్పు ఎవరిదీ కాదు. అత్తది మొక్కు, మొగుడిది డ్యూటీ, పక్కింటిదానిది మర్యాద, మేనమామది ముద్దు. బరువు మాత్రం చిన్నమ్మిది.

ఆ వారమే మంగాయమ్మత్త నన్ను పిలిపించింది. బెల్లం బజార్లో దొరకడం లేదట. గ్రెయిన్ షాపు బాబుతో నాకు మాట చనువుంది కదా, ముందునుంచీ కొంచెం కొంచెం పోగు చేసిపెట్టమంది.

"ఎంత కావాల?" అన్నాను.

"ఆడి బరువంత."

"ఆడి బరువెంత?"

ఆమె తెల్లబోయింది. పిల్లాడి బరువు ఎవరికి తెలుసు? తూచకూడదు. దేవుడి త్రాసులో తప్ప పిల్లల్ని ఎక్కడ తూచినా ఎండిపోతారని ఆమె నమ్మకం. అక్కడ నాకు దారి కనిపించింది. అంకె చెవిన పడితే వాడు చిక్కిపోలేదని ఒప్పుకోక తప్పదు. అబద్ధం ఆడాను. సిగ్గులేకుండా ఆడాను.

"షాపు బాబు ఊరికే ఇవ్వడత్తా. ఇన్ని సేర్లు అని రాసిన చీటీ అడుగుతాడు. స్టేషన్లో పార్సిల్ ఆఫీసు కాటా మీద తూయించి, అక్కడి బాబు చేత సంతకం పెట్టించాల."

"తూయించితే దిష్టి కదేటి?"

"దేవుడి బెల్లానికి కదా తూయిస్తన్నాం. నాకోసమేటి?"

రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు ఒప్పుకుంది, కాని తనూ వస్తానంది. వాడి కాలు మాత్రం కాటా పలక మీద ఆనకూడదు. ఇనుమైనా అది నేల మీదే కదా ఉంది అంది. కూర్చోబెట్టినా ఒప్పుకోదట. నేను గొడవపడలేదు. గొడవపడే ఓపిక అయిపోయింది.

పార్సిల్ ఆఫీసులో క్లర్కు శంకరరావు, మా తెలుగు కుర్రాడే, ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగాడు. మా ఊరేగింపు చూసి కుర్చీలోంచి లేచాడు. ముందు కర్రతో మంగాయమ్మత్త, వెనక కడుపుతో మా చెల్లి, మధ్యలో చంకన కొండంత పిల్లాడితో ఒరిగి నడిచే చిన్నమ్మి.

"అరే పైడిరాజన్నా, ఏటి బుక్ సెయ్యాల? మేకలకీ కోళ్లకీ ఫారం ఉంది గాని, బచ్చాలకి నేదు!"

"ఈ గుంటడి బరువు చూసి చీటీ రాసియ్యి బాబూ. మొక్కుకి."

"ఛలో, పలక మీద కూకోబెట్టండి."

"కూకోడు," అంది మంగాయమ్మత్త. "ఆడి ఒల్లు నేలకి తగలకూడదు."

శంకరరావు నా ముఖం చూశాడు. నేను పైకప్పు చూశాను.

"మరి ఎలగ మామ్మా? గాల్లో తూయాలా?" అని నవ్వి, కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పోనీ, ఎత్తుకున్నోళ్లతో కలిపి తూద్దాం. తరవాత ఎత్తుకున్నోళ్లని ఒట్టిగా తూసి తీసేద్దాం. బాకీ మిగిలినదే ఈడి వజన్. సరేనా?"

మా చెల్లి ముందుకి రాబోయింది. మంగాయమ్మత్త కర్ర అడ్డం పెట్టింది. కడుపుతో ఉన్నది కాటా ఎక్కకూడదు. "సిన్నమ్మి ఉంది కదా. ఎక్కే."

చిన్నమ్మి వాణ్ణి మోసుకుని పలక ఎక్కింది. శంకరరావు గుండు జరిపాడు, ఇంకొంచెం జరిపాడు. "ఇద్దరూ కలిపి నలభై ఒక్క సేర్లు. అచ్ఛా. ఇప్పుడు గుంటణ్ణి ఎవులికేనా ఇయ్యమ్మా."

నేను అందుకున్నాను. నా చేతులు రోజంతా సుత్తి పట్టే చేతులు. అయినా ఒక్కసారి కిందకి జారాయి. వాడు నా చెవిలో కేకలు మొదలుపెట్టాడు. చిన్నమ్మి ఒక్కతే పలక మీద నిలబడింది. చంకన ఎవరూ లేకపోయినా ఎడమవైపుకే ఒరిగి ఉంది.

శంకరరావు గుండు జరిపాడు. ఆగాడు. వెనక్కి లాగి మళ్లీ జరిపాడు. పలక కింద ఏదైనా ఇరుక్కుందేమోనని వంగి చూశాడు.

"సరిగ్గా నిలబడమ్మా. గోడ పట్టుకోకు."

"పట్టుకోనేదు," అంది చిన్నమ్మి.

మూడోసారి కూడా అంతే వచ్చింది. "పందొమ్మిది," అన్నాడు నెమ్మదిగా. "నలభై ఒకటిలో పందొమ్మిది పోతే ఇరవై రెండు."

"ఇరవై రెండు సేర్లు!" మంగాయమ్మత్త రెండు చేతులూ ఎత్తి తూర్పువైపు దణ్ణం పెట్టింది. "అప్పన్న తండ్రీ, ఇరవై రెండు! రాయి బాబూ, రాయి. చీటీ రాయి."

శంకరరావు రాయలేదు. "మామ్మా, ఈ పిల్లకెన్నేళ్లు?"

"దాని మాటెందుకు? ఎనిమిది."

"ఈ గుంటడికి?"

"మూడు దాటినాయి."

"అంటే మోస్తన్నది పందొమ్మిది, మోయించుకుంటన్నోడు ఇరవై రెండు! అరే, ఇక్కడ మా హమాలీలు తమ వజన్ కంటే ఎక్కువ బస్తా ఎత్తమంటే నాతో జగడం ఆడతారు. ఈ పిల్ల రోజంతా..."

"నువ్వు రాస్తావా నేదా?"

మా చెల్లి కాటా దగ్గరకి వచ్చింది. దానికి అక్షరం ముక్క రాదు, కాని గ్రెయిన్ షాపులో సేర్లు కొలిపించుకుని తలమీద పెట్టుకుని తెచ్చేది అదే. సేరు అంటే ఎంతో దాని మెడకి తెలుసు.

"అన్నియ్యా," అంది, "సిన్నమ్మి పందొమ్మిదా?"

"పందొమ్మిది."

"ఆడు ఇరవై రెండా?"

"ఇరవై రెండు."

"సిన్నమ్మి పెద్దది కదా?" అంది. అడిగినట్టు కాదు. తనకి తనే చెప్పుకున్నట్టు అంది.

చిన్నమ్మి అప్పటికే పలక దిగి నా దగ్గరకి వచ్చి, తుంటి పక్కకి తోసి, వాడి కోసం చేతులు చాపింది. ఎవరూ చెప్పకుండానే.

"ఒగ్గీ," అంది మా చెల్లి. దాని చేతులు కిందకి దించేసి, వాణ్ణి నా దగ్గరనుంచి తీసుకుంది. తనే ఎత్తుకుంటుందేమో అనుకున్నాను. ఎత్తుకోలేదు. ఆ కడుపుతో, ఒక చెయ్యి కాటా స్తంభానికి ఆనించి, మోకాళ్ల మీద వంగింది. వాణ్ణి పార్సిల్ ఆఫీసు బండల మీద, అందరి చెప్పులూ తిరిగే చోట, నిలబెట్టేసింది.

మంగాయమ్మత్త పెట్టిన కేకకి ప్లాట్‌ఫారం మీద కూలీలు పరిగెత్తుకొచ్చారు. "సంపేసినావే! నా వంశాన్ని సంపేసినావే అప్పలకొండా!"

పిల్లాడు ఒక్క క్షణం నిలబడ్డాడు. కాళ్లు అటొకటి ఇటొకటి విడిపోయాయి. బండల మీద చతికిలబడి, అంత పెద్ద నోరూ తెరిచి ఏడ్చాడు. పిడుగు పడలేదు. జ్వరం రాలేదు. ఏడ్చి ఏడ్చి, ఎగశ్వాస వచ్చి, ఆగి, పక్కనే పడి ఉన్న గోనెపురి కొస చూసి దాన్ని లాగడం మొదలుపెట్టాడు.

"ఎత్తు! ఎత్తే సిన్నమ్మీ!" మంగాయమ్మత్త కర్రతో నేల కొడుతోంది.

"ఎత్తకు," అంది మా చెల్లి. "అత్తా, సస్తే నా కొడుకే సస్తాడు. ఇది నా కూతురు కాదేటి? ఇద్దర్ని మట్టిలో పెట్టినాను. ఇదీ నడుస్తూ నడుస్తూ నా కళ్లముందే అయిపోతంటే నాను సున్నుండలు సుడతన్నాను."

పార్సిల్ ఆఫీసునుంచి మా లైనుకి మామూలుగా పది నిమిషాల నడక. ఆ రోజు గంట దాటింది. వాడు మూడడుగులు వేస్తాడు, కూలబడతాడు, ఏడుస్తాడు. మా చెల్లి వేలు ఇస్తుంది, మళ్లీ లేస్తాడు. రెండుసార్లు చిన్నమ్మి అలవాటుగా వంగబోయింది, రెండుసార్లూ మా చెల్లి దాని చెయ్యి పక్కకి కొట్టింది. మంగాయమ్మత్త వెనక ఇరవై గజాల దూరంలో, దారిన పోయే ప్రతివాడికీ మా వంశం మీద తిట్లన్నీ వినిపిస్తూ వచ్చింది.

లైన్లో గుమ్మాలన్నీ నిండిపోయాయి. అప్పలనర్సమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఏమనాలో తెలియక, తెలిసిన మాటే అంది. "అయ్యో, గుంటడు ఎంత సిక్కిపోనాడమ్మా!"

మా చెల్లి వీధి మధ్యలో ఆగింది.

"సిక్కనేదు," అంది, అందరికీ వినపడేలా. "లావైపోనాడు. ఇరవై రెండు సేర్లున్నాడు. నా కూతురు సిక్కిపోనాది. ఇకనుంచి మా గుమ్మం తొక్కితే ఆ మాట అనండి. నేదంటే రాకండి."

దిష్టి మాట పట్టపగలు, తల్లి నోటినుంచి! కొందరు లోపలికి పోయి తలుపులేసుకున్నారు.

మంగాయమ్మత్త ఇంట్లోకి వస్తూనే మంచం ఎక్కి గోడవైపు తిరిగింది. అన్నం ముట్టనంది. మొక్కు తప్పిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగనంది. మా చెల్లి రెండుసార్లు బతిమాలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తినకపోతే ఆ కంచం సిన్నమ్మికి పెట్టీ," అన్నాను. "ఆకలేస్తే ఆవిడే లెగుస్తాది."

పెట్టింది. నెయ్యి కూడా వేసింది. రెండేళ్లలో మొదటిసారి చిన్నమ్మి ఒళ్లో ఎవరూ లేకుండా కంచం ముందు కూర్చుంది. ఎడమ చెయ్యి మాత్రం కంచం చుట్టూ కోటలా అడ్డం పెట్టుకుంది. నాలుగు ముద్దలు తింది. ఐదో ముద్ద కలిపి, చూసి, పక్కన పెట్టేసింది.

"సాలు," అంది.

"ఏటి సాలు? తిను!" నేను గట్టిగానే అన్నాను. "నాలుగు ముద్దలేటి? కంచం మొత్తం తినాల!"

"నా మీద అరవకు మావా," అంది అది. దాని నోట అంత మాట నేనెప్పుడూ వినలేదు. "కడుపులో సోటు నేదు."

మూడేళ్లుగా వాడి కడుపు సాగింది, దాని కడుపు ముడుచుకుపోయింది. ఒక్కపూట నెయ్యి వేస్తే, ఒక మేనమామ అరిస్తే, అది తెరుచుకుంటుందా? నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

మా చెల్లి కంచం తీసి గూట్లో పెట్టి మూత వేసింది. "ఉంచుతాను. మల్లీ తింటాది. మల్లీ కాకపోతే మల్లీ." నేల మీద పాకుతూ గూటి వైపు వస్తున్న కొడుకుని భుజాలు పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది. వాడు గొడవ పెట్టాడు. మంచం మీంచి మంగాయమ్మత్త "సూడు, ఆకలంటన్నాడు!" అని అరిచింది. మా చెల్లి వినిపించుకోలేదు. చిన్నమ్మి గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని కళ్లు మూసుకుంది.